రజియా బేగం, 1924: మాయమైన బొమ్మ, మాయం కాని ప్రశ్నలు
(కామారెడ్డి, ఎల్లారెడ్డి వైపు నుంచి ఒక చూపు)

1924లో హైదరాబాద్‌లో ‘రజియా బేగం’ అనే మూకీ సినిమా ఆడింది. బొంబాయిలో తీసిన బొమ్మ. ఇక్కడ ఆడించినవాడు ధీరేంద్రనాథ్ గంగూలీ అనే బెంగాలీ. ఆడించిన నేరానికి నిజాం ప్రభుత్వం ఆయన్ని రాజ్యం విడిచి పొమ్మన్నది. ఆ సినిమా ఇవ్వాళ లేదు. సినిమా చరిత్ర పుస్తకాల్లో ఈ సంగతి రెండు మూడు వాక్యాల్లో అయిపోతుంది. ఒక కళాకారుడు, ఒక నవాబు, ఒక నిషేధం. అంతే కథ.

ఈ రెండు మూడు వాక్యాలనే కామారెడ్డి, ఎల్లారెడ్డి తాలూకాల వెలివాడల్లో నిలబడి చదివితే ఎట్లుంటదన్నదే ఈ వ్యాసం. ‘పోయిన సినిమా’ అని చరిత్రకారులు బాధపడుతుంటారు. పోయింది ఎవరికి? ఉన్నప్పుడు అది ఎవరిది? రాజ్యం మొత్తం మీద ఒక సినిమాకి అంత కోపమొచ్చిన రోజుల్లోనే ఆ రాజ్యంలోని మాల మాదిగ వాడల్లో ఏం జరుగుతుండె? ఈ ప్రశ్నలు వేయకుండా మూకీల చరిత్ర రాస్తే అది మళ్లీ స్టూడియో యజమానుల చరిత్రే అవుతుంది.

లోటస్ కంపెనీ

ముందు తెలిసిన సంగతులు. గంగూలీ 1893లో కలకత్తాలో పుట్టాడు. శాంతినికేతన్‌లో చదివాడు. చిత్రకారుడు. వేషాలు మార్చి తన ఫొటోలు తానే తీసుకుని 1915లో ఒక పుస్తకం వేశాడు. హైదరాబాద్‌లో నిజాం కళాశాలలో చిత్రలేఖనం నేర్పే కొలువు చేశాడు. తర్వాత కలకత్తాలో సినిమాల్లోకి దిగి, 1921లో వచ్చిన ‘బిలేత్ ఫెరత్’లో నాయకుడిగా వేశాడు. ఇంగ్లండ్ పోయొచ్చిన బాబుల మీద హాస్యం అది. 1922లో మళ్లీ హైదరాబాద్ వచ్చి నిజాం ఆదరణతో లోటస్ ఫిల్మ్ కంపెనీ పెట్టాడు. ‘ఇంద్రజిత్’, ‘లేడీ టీచర్’, ‘చింతామణి’, ‘హర గౌరి’, ‘యయాతి’, ‘మ్యారేజ్ టానిక్’ వంటి సినిమాలు రెండేండ్లలో ఆ కంపెనీ నుంచి వచ్చాయి. సినిమా హాళ్లు కూడా నడిపాడు. అంటే తీసుడు, ఆడించుడు రెండూ ఒక్కని చేతిలోనే ఉన్నాయి.

మద్రాసులో రఘుపతి వెంకయ్య, ఆయన కొడుకు ప్రకాష్ ‘భీష్మ ప్రతిజ్ఞ’ తీసింది 1921లో. తెలుగువాళ్ల తొలి మూకీ అని దాన్ని చెప్పుకుంటాం. దాని వెనకనే హైదరాబాద్‌లో ఒక స్టూడియో నడిచిందన్న సంగతి తెలంగాణలో చదువుకున్నవాళ్లలో కూడా చాలామందికి తెలవదు. కోస్తా చరిత్రే తెలుగు చరిత్ర అయిపోయినందుకు ఇదొక ఉదాహరణ. అయితే ‘మన తెలంగాణలో కూడా సినిమా ఉండె’ అని గర్వపడి ఊరుకుంటే కూడా సరిపోదు. ఆ సినిమాల పేర్లు చూడండి. ఒక దిక్కు పురాణాలు, ఇంకో దిక్కు చదువుకున్న భద్రలోకపు హాస్యాలు. కైకిలి మనిషి ముఖం ఎక్కడా లేదు.

ఈ సినిమాలన్నీ పోయాయి. మన దేశంలో మూకీల కాలంలో 1,300కు పైగా సినిమాలు తయారైతే ఇవ్వాళ పూర్తిగానో, ముక్కలుగానో మిగిలినవి ముప్పయి లోపే. ఆనాటి నైట్రేట్ ఫిల్ము తొందరగా అంటుకునేది, చెడిపోయేది. టాకీలు రాంగనే మూకీలకు బజారు పోయింది. ఫిల్ములో ఉన్న వెండి కోసం రీళ్లను కరిగించిన్రు. పుణెలో జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ పెట్టేనాటికి, అంటే 1964 నాటికి, దాచేటందుకు మిగిలిందే తక్కువ.

రాణి ప్రేమ, రాజు కోపం

ఇక ‘రజియా బేగం’. రజియా ఇల్‌తుత్‌మిష్ కూతురు. 1236 నుంచి 1240 దాకా ఢిల్లీని ఏలింది. ఆమె కొలువులో జమాలుద్దీన్ యాకూత్ అనే హబ్షీ ఉండేవాడు. హబ్షీ అంటే ఆఫ్రికా మనిషి. అతనికి ఆమె అశ్వశాలాధిపతి పదవి ఇచ్చింది. ఈ పదవిని తురుష్క అమీరులు ఓర్వలేకపోయిన్రు. తిరుగుబాటు చేసి యాకూత్‌ను చంపిన్రు. ఆ కాలపు చరిత్రకారుడు మిన్హాజ్ యాకూత్ పదవి గురించి, అమీరుల అసూయ గురించి రాశాడు. ఇద్దరి మధ్య చనువు గురించిన పుకారును పెంచి పద్యాల్లోకి ఎక్కించింది తర్వాతి వాళ్లు. వాళ్లలో ముఖ్యుడు ఇసామీ. ఆయన 1350లో తన చరిత్ర కావ్యం రాసింది ఎక్కడో కాదు, దక్కన్‌లోనే, బహమనీల కొలువులో. ఆడది సింహాసనం ఎక్కొద్దు, రాట్నం ముందు కూర్చోవాలె అన్న తీరుగా రజియాను తప్పుపట్టింది కూడా ఆయనే.

1924 నాటి సినిమాలో ముస్లిం రాణి ఒక హిందువును ప్రేమించినట్టు చూపించిన్రని, నిజాంకు అందుకే కోపమొచ్చిందని సినిమా చరిత్రకారులు రాశారు. ఇక్కడ ఒక మార్పు జరిగింది గమనించాలె. పాత చరిత్రలో నల్ల హబ్షీ ఉన్నాడు. తెర మీద కథ హిందూ ముస్లిం పంచాయితీగా మారిపోయింది. పాత అమీరుల కోపం ఒక బానిస కులపోడు, నల్లవాడు తమ మీదికి వచ్చాడన్న కోపం. కొత్త కథలో ఆ సంగతే ఎగిరిపోయింది. రెండు మతాల పెద్దల మధ్య పరువు తగాదాగా మిగిలింది. యాకూత్‌ను ఒకసారి అమీరులు చంపితే, రెండోసారి సినిమా కథ చంపింది. ఇదే హైదరాబాద్‌లో నిజాంకు ఆఫ్రికా అశ్వదళం ఉండేది. వాళ్లున్న బస్తీకి ఏసీ గార్డ్స్ అన్న పేరు ఇప్పటికీ ఉన్నది. హబ్షీ ముఖాలు కావలి కాసే నగరంలోనే హబ్షీ లేని రజియా కథ ఆడింది, ఆగిపోయింది.

ఈ కోపాన్ని మతం కోపంగా మాత్రమే చదివితే పొరపాటు. 1916లో కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివిన పత్రంలో అంబేద్కర్ ఒక మాట తేల్చి చెప్పారు. కులం అంటే లోలోపలి పెండ్లి. ఆ గీత దాటకుండా ఆడవాళ్లను కట్టడి చేస్తేనే కులం నిలబడుతుంది. ఈ సూత్రం పట్టుకుని చూస్తే రజియా సినిమా మీద కోపం ఎక్కడిదో అర్థమైతది. రాజ్యం ముస్లిం పాలకునిదే కావచ్చు, కింద దేశ్‌ముఖులు, పటేల్ పట్వారీలు హిందువులే. తమ ఇంటి ఆడది గీత దాటొద్దన్న కాడ ఇద్దరిదీ ఒకటే ధర్మశాస్త్రం. రాణి కథ తెర మీద ఆ గీతను దాటింది. అది బజార్ల పదిమంది చూసేటట్టు దాటింది. దర్బారులో నలుగురు చెప్పుకునే కథ వేరు, అణా పైసలు ఇచ్చినవాడల్లా చూసే బొమ్మ వేరు. సినిమాతో వచ్చిన కొత్త భయం ఇదే.

బ్రిటిష్ ఇండియాలో 1918 సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం 1920 నుంచి బొంబాయి, కలకత్తా, మద్రాసుల్లో సెన్సారు బోర్డులు పనిచేశాయి. సంస్థానంలో ఆ బోర్డుల మాట నడవదు. పాలకుని ఇష్టమే సెన్సారు. సినిమాను ఆపుడే కాదు, మనిషినే వెళ్లగొట్టుడు. గంగూలీతో పాటు లోటస్ కథ కూడా ముగిసింది.

అదే ఏండ్లలో మన దిక్కు

ఇప్పుడు హైదరాబాద్ నుంచి రైలెక్కి ఉత్తరానికి పోదాం. గోదావరి లోయ రైలుమార్గం 1900 ప్రాంతంలో పడింది. సికింద్రాబాద్ నుంచి మన్మాడ్ దాకా. కామారెడ్డి ఆ దారిలో స్టేషను. ఎల్లారెడ్డికి రైలు లేదు. రెండూ పక్కపక్క తాలూకాలే గాని, ఒకటి పట్టాల మీద, ఇంకోటి బండ్ల బాట మీద.

ఈ తేడా సినిమా చరిత్రకు ముఖ్యం. డేరా సినిమా పట్టాల వెంట నడిచిన వ్యాపారం. తిరుచ్చిలో రైల్వే ఉద్యోగం చేసే సామికన్ను విన్సెంట్ 1905లో యంత్రం కొని ఊరూరా తిప్పాడు. రఘుపతి వెంకయ్య కూడా ముందు యంత్రం పట్టుకుని తిరిగినవాడే, తర్వాతే మద్రాసులో గెయిటీ హాలు కట్టాడు. డబ్బా, ఫిల్ము, డేరా రైల్లో రావాలె. కామారెడ్డి అట్లాంటి చోటు. ఎల్లారెడ్డి ఆ వెలుగు చివరికి గాని చేరని చోటు. పైగా మూకీ అంటే మాటల్లేనిది కాదు, రాత పలకలున్నది. 1921 జనాభా లెక్కల్లో నైజాంలో చదవ రాయ వచ్చినోళ్లు నూటికి ఐదుగురు కూడా లేరు. తెర పక్కన నిలబడి కథ చెప్పే మనిషి లేకుంటే ఆ పలకలు మనవాళ్లకు నల్ల గీతలే.

మరి 1924లో ఎల్లారెడ్డి దిక్కు మనవాళ్లు ఏం చేస్తున్నరు? మట్టి మోస్తున్నరు. నిజాంసాగర్ పని 1923లో మొదలైంది, 1931 దాకా సాగింది. మంజీర మీద కట్ట. చీఫ్ ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ పేరు చరిత్రలో ఉంది, ఉండవలసిందే. నలభై దాకా ఊళ్లు ఖాళీ అయినయి. తట్టలు మోసినవాళ్ల పేర్లు ఏ రాతి మీదా లేవు. మా నాయినమ్మ వాళ్లమ్మ ఆ కట్ట మీద మట్టి మోసిందని మా ఇంట్ల చెప్పుకుంటరు. ఆ నీళ్లతో చెరుకు పండింది, 1937లో బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ నిలిచింది. నీళ్లు పారిన భూములు ఎవలయి, కట్ట మీద తట్టలు ఎవలయి అని అడిగితే జిల్లా చరిత్ర సగం అర్థమైతది.

ఇంకో సంగతి. రాణి ప్రేమ కథ తెర మీద కనపడితే పరువు పోయిందన్న రాజ్యంలో, నిజామాబాద్ జిల్లా వాడల్లో మాల మాదిగ పిల్లలను జోగినులుగా విడుస్తుండె. దేవతకు పెండ్లి అని పేరు, ఊరి పెద్దల పాలు చేసుడు పని. అక్కడ గీత దాటినా ఎవల పరువూ పోలేదు. ఎవలకూ రాజ్య బహిష్కారం పడలేదు. హైదరాబాద్‌లో భాగ్యరెడ్డి వర్మ 1906లోనే జగన్మిత్ర మండలి పెట్టి, హరికథలూ భజనలూ ఆసరాగా వాడల్లో ఈ దురాచారం మీద, తాగుడు మీద ప్రచారం చేస్తుండిరి. ఆది హిందూ ఉద్యమం నడుస్తున్నది ఈ ఏండ్లలోనే. జోగిని వ్యవస్థకు వ్యతిరేకంగా ఆంధ్రప్రదేశ్‌లో చట్టం వచ్చింది మాత్రం 1988లో. నిజామాబాద్ జిల్లాలో హేమలతా లవణం జోగినుల నడుమ పనిచేసింది కూడా ఆ కాలంలోనే. ఒక సినిమా ఆపటానికి ఒక ఫర్మానా చాలింది. ఒక వెలివాడ పిల్లను ఆపదలోంచి తప్పించే చట్టానికి అరవై నాలుగేండ్లు పట్టింది. పరువు అనే మాటకు కులం ఉందని చెప్పడానికి ఇంతకన్నా రుజువు ఏం కావాలె?

వెళ్లగొట్టబడిన ఇద్దరు

గంగూలీని వెళ్లగొట్టిన కథకు పక్కన ఇంకో కథ పెట్టి చూడాలె. తిరువనంతపురంలో జె.సి. డేనియల్ అనే నాడార్ క్రైస్తవుడు తన భూమి అమ్మి ‘విగతకుమారన్’ తీశాడు. మలయాళంలో తొలి సినిమా. క్యాపిటల్ థియేటర్లో ఆడింది. 1928 అని కొందరు, 1930 అని కొందరు అంటారు. అందులో నాయిక పి.కె. రోజీ. పులయ కులం స్త్రీ. కూలి పని చేసుకుంటూ కక్కరిసి నాటకాలు ఆడుతుండేది. సినిమాలో ఆమె వేసింది నాయర్ స్త్రీ వేషం.

ఒక పులయ స్త్రీ నాయర్ ఇంటి ఆడదానిగా తెర మీద కనపడే సరికి హాల్లో రాళ్లు పడ్డాయి, తెర చినిగింది. మొదటి ఆటకు ఆమెను లోపలికి రానీయలేదు. ఆమె గుడిసె తగలబెట్టారు. ఒక లారీ డ్రైవర్ సాయంతో ఆమె నాగర్‌కోయిల్ వైపు వెళ్లిపోయింది. అతన్నే పెండ్లి చేసుకుని, పేరు మార్చుకుని బతికింది. మళ్లీ ఎన్నడూ తెర మీదికి రాలేదు. సినిమా కూడా మిగల్లేదు. ప్రింటును చిన్నతనంలో తానే కాల్చేశానని డేనియల్ కొడుకు తర్వాత చెప్పుకున్నాడు.

రెండు కథలూ కొన్ని ఏండ్ల తేడాలోవే. రెండూ సంస్థానాల్లో జరిగినవే. రెండిటిలోనూ తగాదా స్త్రీ గీత దాటడం మీదనే. అయితే ఫలితం చూడండి. గంగూలీ కలకత్తా పోయి బ్రిటిష్ డొమీనియన్ ఫిల్మ్స్ పెట్టాడు, టాకీల్లోనూ హాస్య చిత్రాలు తీశాడు, 1974లో పద్మభూషణ్, 1975లో దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం అందుకుని 1978లో చనిపోయాడు. అదే 1975లో డేనియల్ పేదరికంలో పోయాడు. ఆయన పేర కేరళ ప్రభుత్వం పురస్కారం పెట్టింది 1992లో. రోజీ పేర ఏదైనా పెట్టేసరికి ఇరవయ్యొకటో శతాబ్దం వచ్చింది. ఆమెదని తిరిగే ఒక్క ఫొటో మీద కూడా అనుమానాలున్నాయి. ఒక రాజు వెళ్లగొడితే ఇంకో నగరం తలుపు తీస్తుంది. కులం వెళ్లగొడితే పోయేటందుకు ఊరు ఉండదు.

ఈ లెక్కలో మన తెలుగు సినిమా ఎక్కడుంది? 1938లో గూడవల్లి రామబ్రహ్మం ‘మాలపిల్ల’ తీశారు. సంస్కరణ దృష్టితో తీసిన సాహసమైన సినిమాయే, కాదనను. కాని మాలపిల్లగా తెర మీద కనపడింది మాల కాని కాంచనమాల. పై కులం నటి కింది కులం వేషం కడితే చప్పట్లు. కింది కులం నటి పై కులం వేషం కడితే రాళ్లు. వేషానికి కూడా వర్ణాశ్రమం ఉందన్న మాట.

ఆడవాళ్లు దొరకలేదా?

తొలి సినిమాల గురించి చెప్పేటప్పుడు అందరూ ఒక మాట అంటారు. ఆడవాళ్లు దొరకలేదు, అందుకే మగవాళ్లు ఆడవేషం కట్టిన్రని. 1913లో ఫాల్కే ‘రాజా హరిశ్చంద్ర’లో తారామతిగా వేసింది సాలుంకే అనే వంటమనిషి, నిజమే. తర్వాత ఆంగ్లో ఇండియన్, యూదు స్త్రీలు వచ్చారు. కాని ‘దొరకలేదు’ అన్న మాట ఎవరి మాట? మన జిల్లాలో చిందోళ్లను అడగండి.

చిందోళ్లు మాదిగల ఆశ్రిత కులం. జాంబ పురాణం చెప్తరు, ఎల్లమ్మ వేషం కడతరు, రాత్రంతా భాగోతం ఆడతరు. కూచిపూడిలో ఆడవాళ్లు గజ్జె కట్టొద్దన్న కాలంలో చిందు మేళాల్లో ఆడవాళ్లు వేషం కట్టిన్రు, మగ వేషాలు కూడా కట్టిన్రు. నిజామాబాద్ జిల్లా ఆమ్దాపూర్‌ల ఉండి 2005లో చనిపోయిన చిందు ఎల్లమ్మ ఆ పరంపర మనిషి. నటించే ఆడవాళ్లు ఈ దేశంలో ఎన్నడూ ఉన్నరు. వాళ్లను నటులుగా లెక్కపెట్టే కండ్లు లేవు. సినిమా యంత్రం కొత్తదే గాని దాన్ని తిప్పినవాళ్ల చూపు పాతదే.

నేల టికెట్టు

తర్వాతి కాలంలో డేరా టాకీసులు మా దిక్కు వచ్చినయి. మా నాయినమ్మ పడుచుతనంలో ఎల్లారెడ్డి దగ్గర డేరాలో సినిమా చూసింది. ఏ సినిమానో పేరు యాదికి లేదు. కూసున్న చోటు మాత్రం యాదికున్నది. “పైసలిచ్చినం బిడ్డా, ఎవలూ పో అనలే. గని మేం పొయ్యి తాడు కాడనే కూసున్నం. ముంగటికి పోవాల్నని మాకే అనిపియ్యలే” అన్నది.

ఊరి భాగోతంలో మనవాళ్లకు చోటు దూరంగా, కులం చెప్పిన కాడ. డేరాలో చోటు పైసలు చెప్పిన కాడ. నేల, బెంచి, కుర్చీ. టికెట్టు మీద కులం రాసి లేదు. ఇది చిన్న మార్పు కాదు. అంటరానివాడు అందరితో పాటు ఒకే చీకట్లో, ఒకే డేరా కింద కూసునే అవకాశం ఊరు ఇయ్యలేదు, బజారు ఇచ్చింది. అయినా తాడు కాడికి పొయ్యే కాళ్లు ఇంటి నుంచే వచ్చినయి. టికెట్టు కొంటే గేటు తెరుచుకుంటది గని, తలకాయలో కట్టిన గోడ అంత తొందరగా కూలది. మన సినిమా చరిత్రలో ఈ తాడు కాడి చోటు గురించి రాసిన పేజీ ఒక్కటన్నా ఉందా? ఎవరు తీశారు, ఎంత ఖర్చయింది, ఎన్ని రోజులు ఆడింది అనే లెక్కలే చరిత్ర అయినయి.

ఏది పోయింది?

‘రజియా బేగం’ రీళ్లు దొరికితే సంతోషమే. కాని ఆ బొమ్మ దొరికినా అందులో యాకూత్ ఉండడు, తట్ట మోసిన మనిషి ఉండదు, జోగిని పిల్ల ఉండదు. మనకు సంబంధించి అది తీసిననాడే సగం పోయిన సినిమా. దాన్ని పోగొట్టింది నైట్రేట్ మంట కాదు.

కాబట్టి పని రెండు దిక్కుల జరగాలె. ఒకటి, సంస్థానం దస్తావేజులను దళిత దృష్టితో మళ్లీ చదువుడు. నిషేధాలు, ఫర్మానాలు, పన్నుల కాయితాలు ఎవరి పరువును కాపాడినయో, ఎవరి పరువును లెక్కలోకే తీసుకోలేదో పక్కపక్కన పెట్టి చూసుడు. హైదరాబాద్ చరిత్రను హిందూ ముస్లిం తగాదాగా మాత్రమే చెప్పే పద్ధతి, నిజాంను పొగిడే పద్ధతి, రెండూ ఈ పక్కపక్కన పెట్టే పనిని తప్పించుకుంటున్నయి. రెండు, కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి, బాన్సువాడ దాకా డేరా టాకీసుల్లో నేల మీద కూసున్నోళ్ల మాటలను, చిందు మేళాల పెద్దల మాటలను రాసి పెట్టుడు. 2016లో కామారెడ్డి జిల్లా అయింది. జిల్లా చరిత్ర అని కొత్త పుస్తకాలు వస్తున్నయి. కోటలు, గుళ్లు, దొరల పేర్లు వాటిలో ఎట్లాగూ ఉంటాయి. తాడు కాడి చోటు మనం రాస్తేనే ఉంటది.

రీలు కాలిపోతే ఒక్కసారే తెలుస్తది. మనుషుల యాది అట్ల కాదు, చప్పుడు లేకుండా పోతది. మా నాయినమ్మకు సినిమా పేరు ఇప్పటికే పోయింది. కూసున్న చోటు ఇంకా ఉన్నది. అదన్న పోకముందే రాసుకోవాలె.